పసివాని పాపమేమి?

గత వర్షాకాలమున మా పొరుగింటి అయిదేండ్ల పిల్లవాడు డెంగీ జ్వరముతో పోయినాడు. నాలుగు దినములు కాగిన ఒళ్లు అయిదవనాడు చల్లబడెను. పిల్లవాడు పెరుగన్నము కావలెనని అడిగి మఱీ తినెను. ఇంటిల్లిపాదియు గండము గడచినదనుకొనిరి. ఆ వ్యాధిలో జ్వరము తగ్గిన దినమే ఎక్కువ ప్రమాదమైన దినమని మాలో నెవరికిని తెలియదు. ఆ రాత్రి కాళ్లు చేతులు మంచుగడ్డలైనవి. తెల్లవాఱుజామున ఆసుపత్రిలో కన్ను మూసెను.

మూడవనాడు మేము మా అత్తగారితో గూడ పరామర్శకు పోయితిమి. అట్టియిండ్లలో ఆడవారము ఏమి మాటలాడుదుమో సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఋణము తీరినదని యొకరనిరి. దేవుడు మంచివారినే ముందుగా పిలుచుకొనునని యొకరనిరి. మేమును ఊరకుండలేదు. తాతగారియొద్ద నాలుగు గ్రంథములు చదువుకొంటిమను గర్వము లోలోపల నుండెను గాబోలు, “పూర్వజన్మకర్మము అనుభవింపక తీరదు తల్లీ! మన చేతిలో ఏమున్నది?” అంటిమి.

ఆ యిల్లాలు అంతవఱకును తల యెత్తలేదు. అప్పుడెత్తి మా ముఖము చూచి, “అక్కయ్యగారూ, మీరు చదువుకొన్నవారు. మావాడు చేసిన పాపమేమిటో చెప్పండి. ఏ చెప్పు ఏ కాలిదో కూడా వాడికింకా తెలియదు” అనెను.

మాకు నోట మాట రాలేదు. గుమ్మము ప్రక్కన ఆ చిన్న చెప్పులు కుడియెడమలు తాఱుమాఱుగానే యున్నవి. మా అత్తగారు మాత్రము వచ్చినది మొదలు ఒక్క మాటయు ననక, దొడ్డిలో పడియున్న అంట్లన్నియు తోమి బోర్లించి వచ్చి, ఆ పిల్ల వీపుమీద చేయి వేసి కూర్చుండిరి. చీకటి పడువఱకు అట్లే కూర్చుండిరి.

ఇంటికి వచ్చినది మొదలు ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ఇది ఆ తల్లి యొక్కతె ప్రశ్న కాదు. దయాళువైన భగవంతుడున్నాడని నిత్యము దీపము పెట్టుచున్న ప్రతి యింటను ఎప్పుడో యొకప్పుడు ఈ ప్రశ్న పుట్టక మానదు. బయటికి అన్నవారు కొందఱు, మ్రింగుకొన్నవారు పెక్కుమంది.

శాస్త్రము చెప్పిన సమాధానము మాకు తెలియక కాదు. బ్రహ్మసూత్రములలో రెండవ అధ్యాయమున బాదరాయణమహర్షి ఈ శంకనే యెత్తుకొనెను. ఒకడు సుఖపడుచు ఒకడు దుఃఖపడుచున్న లోకమును సృజించిన ఈశ్వరునకు పక్షపాతమును క్రూరత్వమును అంటవా యని ప్రశ్న. జీవుల కర్మము ననుసరించియే ఆయన ఫలమిచ్చుచున్నాడు గనుక అంటవని యుత్తరము. శంకరులవారు దీనికి వానను పోలికగా జూపిరి. వాన అన్ని చేలమీదను సమముగనే కురియును. ఒకచోట వరియు మఱియొకచోట యవలును పండుట విత్తనమునుబట్టియే గాని వాననుబట్టి కాదు. అట్లయిన మొట్టమొదటి కర్మ మెక్కడనుండి వచ్చెనని యడిగినచో, సంసారమునకు మొదలే లేదని దాని వెనుకటి సూత్రము. చక్కని వాదము. పదునైదవ యేట దీనిని విని, ఇక ఈ విషయమున అడుగవలసినదే లేదనుకొంటిమి. కాని అది పండితుడు పండితునితో చేసిన వాదము. బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన తల్లి యెదుట కూర్చుండి దానిని వల్లించుటకు మేమెవ్వరము?

తాతగారి భారతము మా పెట్టెలో నున్నది. ఆ రాత్రి దీపము ముందు పెట్టుకొని ఆదిపర్వము తెఱచితిమి. మాకు అప్పుడు తలపునకు వచ్చినవాడు మాండవ్యుడు.

ఆ కథ చాలమంది యెఱిగినదే. మాండవ్యుడు మౌనవ్రతమున తపస్సు చేయుచుండగా దొంగలు సొమ్ము తెచ్చి ఆయన ఆశ్రమములో దాచి తామును దాగిరి. వెన్నాడి వచ్చిన రాజభటులు ఎంత యడిగినను మౌని పలుకలేదు. వెదుకగా సొమ్ము అక్కడనే దొరకెను. రాజు దొంగలతోపాటు ఆయననుగూడ శూలమున వేయించెను. ఎన్నినాళ్లకును ప్రాణము పోలేదు. రాజు నిజము తెలిసికొని పరుగెత్తి వచ్చి కాళ్లమీద పడి, దింపింపజూడగా శూలము ఊడి రాలేదు. కోసివేయగా మొన లోపలనే నిలిచెను. అణిమాండవ్యుడను పేరు అందువలననే కలిగినది. ఆ మొనను మోయుచునే తపస్సు చేసి, పిదప ఆయన ధర్మదేవత సభకు పోయి, నే నెఱుగక చేసిన ఏ పాపమున కిది ఫలమని యడిగెను. చిన్నతనమున పురుగుల తోకలలో గడ్డిపుల్లలు గ్రుచ్చితివి, అది దాని ఫలమని ధర్ముడు చెప్పెను.

లెక్క ప్రకారము ధర్ముని జవాబునందు తప్పు లేదు. కర్మము జరిగినది, ఫలము వచ్చినది. మనవంటివారమైనచో తల వంచుకొని ఇంటికి రావలసినదే. మాండవ్యుడు తల వంచలేదు. ఇంత స్వల్పమైన తప్పునకు ఇంత ఘోరమైన శిక్షయా యని ధర్మునే శపించెను. అంతటితో నాగక, నేటినుండి పదునాలుగేండ్లు నిండనివారు చేసినదేదియు పాపముగా లెక్కకు రాకుండుగాక యని లోకమునకు హద్దొకటి పెట్టెను. శపింపబడిన ధర్ముడు దాసీగర్భమున విదురుడై పుట్టెను. నిండుసభలో ద్రౌపదికి జరిగిన యన్యాయమును కన్నులార చూచుచు, వలదని చెప్పియు ఎవ్వరును వినక, ఆయన ఎంత కుమిలిపోయెనో మనమెఱుగుదుము. శిక్షలు పంచినవానికి ఆ పుట్టుక యెట్లుండెనో యని మేము చాలసేపు ఆలోచించితిమి.

పండితులెవరైన దీనికి వెంటనే అడ్డు చెప్పగలరు. మాండవ్యుడు పెట్టిన హద్దు ఈ జన్మలోని బాల్యమునకే గాని వెనుకటి జన్మల మూటకు కాదందురు. కావచ్చును. వారితో వాదించునంతటి విద్య మాకు లేదు. కాని పసివానిపై పడిన దెబ్బకు లెక్క చూపినవాడు సాక్షాత్తు ధర్ముడే యైనను, ఆ లెక్కను అంగీకరింపక నిలదీసినవానిని మన భారతము పాపి యనలేదు, మహర్షి యనియే చెప్పినది. ఇది చదివిన తరువాత ఆ యిల్లాలి ప్రశ్న మాకు నాస్తికమని తోచలేదు.

మఱునాడు పొయ్యిదగ్గఱ మా అత్తగారితో నీ మాటయే యంటిమి. ఆమె ఎప్పుడును ఎక్కువ మాటలాడు మనిషి కాదు. ఆనాడు చెప్పిరి.

మా అత్తగారి పుట్టిల్లు దివిసీమ. సముద్రమున కెక్కువ దూరము లేని పల్లె. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేది శనివారమునాటికి ఆమెకు పండ్రెండేండ్లు. కార్తికమాసము. ఆ తెల్లవాఱుననే వారి అమ్మగారు తులసికోటలో దీపము పెట్టిరట. సాయంకాలమునకు గాలివాన ముదిరి, అయిదాఱు మీటర్ల యెత్తున సముద్రము పల్లెలమీద పడెను. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్లు తుడిచిపెట్టుకొని పోయినవి. ప్రభుత్వపు లెక్కలలోనే చనిపోయినవారు ఇంచుమించు 10,000 మంది. ఆ లెక్కకు ఎక్కనివారెందఱో యని దివివారు నేటికిని అనుచుందురు. మా అత్తగారు తుమ్మచెట్టుకు చుట్టుకొని తెల్లవార్లు నిలిచినారు. ముండ్లు గ్రుచ్చుకొన్న మచ్చలు మోచేతులమీద ఇప్పటికిని గలవు. అమ్మగారును తమ్ములిద్దఱును దొరకనేలేదు.

“సాయము చేయవచ్చినవారు గంజి పోశారమ్మా. ఆ చేతులు నాకింకా జ్ఞాపకమే. ఆ వచ్చినవారిలోనే ఎవరో, దివివాళ్ల పాపము పండిందండీ అన్నారు. అదీ జ్ఞాపకమే. అన్నవారి మొగము మాత్రము తెలియదు, నేను తల దించుకొన్నాను” అనిరి. కొంతసేపటికి, “గొడ్లూ పోయినవి గదా. గొడ్లేమి పాపము చేసినవి?” అని మాత్రము అని బియ్యము కడుగుటకు లేచిరి.

పెద్దల నోటనుండియు ఇట్టి మాట వెడలియుండుట మనము మఱువరాదు. 1934వ సంవత్సరము జనవరి 15వ తేదిన బీహారు, నేపాళ దేశములలో గొప్ప భూకంపము వచ్చి పదివేలకు పైగా జనులు నశించిరి. అప్పుడు హరిజనయాత్రలో దక్షిణదేశమున సంచరించుచున్న గాంధిమహాత్ముడు, అస్పృశ్యత యను మహాపాపమునకు ఇది భగవంతుడు వేసిన శిక్ష యని బహిరంగముగ పలికెను. ఆయనయందు అపారమైన భక్తిగల రవీంద్రనాథ ఠాకూరు దీనిని సహింపలేక, ప్రకృతిలోని ఉత్పాతములకును మానవుల నీతికిని ముడి పెట్టుట తగదనుచు ఖండించి వ్రాసెను. గాంధిగారు ఆ ఖండనమును తన హరిజన పత్రికలోనే ప్రకటించి, తన నమ్మకము తనదేయని జవాబు వ్రాసెను. ఇరువురును మహానుభావులు. అస్పృశ్యత పాపమనుటలో ఇరువురకును భేదము లేదు. కాని ఈ ఒక్క విషయమున మేము ఠాకూరుగారి పక్షము. ఏలయన, కూలిన గోడల క్రింద అంటరానివారనబడినవారి బిడ్డలును లేకపోరు గదా!

మఱియొక సంగతి గలదు. 1990వ సంవత్సరము మే 9వ తేదిన దాదాపు అంతటి తుపానే మరల ఆ కృష్ణ సాగరసంగమ ప్రాంతముననే తీరము దాటెను. ఈసారి చనిపోయినవారు సుమారు వేయిమంది. ఒక్క ప్రాణమైనను చిన్నది కాదు. అయినను పదివేలెక్కడ, వేయియెక్కడ? పదుమూడేండ్లలో దివివారి పూర్వజన్మలు మాఱలేదు గదా! మాఱినవేవి? 1977లో తీరపు పల్లెలలో తల దాచుకొనుటకు ఎత్తైన గట్టి కట్టడములు బహుకొద్ది. ఆ తరువాత తుపాను ఆశ్రయములు కట్టిరి. హెచ్చరికలు ముందుగా అందినవి. తుపాను రాకమునుపే లక్షన్నరకు పైగా జనులను ఇండ్లనుండి తరలించిరి. మా అత్తగారి పుట్టినూరి యాడవారును బిడ్డలను చంకను వేసికొని ముందురోజుననే కదలిరి. కర్మమని మనము చేతులు కడిగికొనినదానిలో, మనుష్యులు పూనుకొని చేయవలసియుండియు చేయక విడిచిన పని యెంత కలదో ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన తెలియును.

మశూచికమునుగూర్చి మన అమ్మమ్మలు ఏమనెడివారు? అమ్మవారు పోసినది, ఆమె కోపము, ఆమె చిత్తమనెడివారు. టీకాలవాడు వచ్చినచో అమ్మవారికి ఆగ్రహము కలుగునని బిడ్డలను గాదెల వెనుక దాచినవారును గలరు. ఆ టీకాలే ఊరూరను తిరుగగా 1975తో మన దేశమున ఆ వ్యాధి యంతరించెను. 1980లో లోకమంతటను లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించినది. అమ్మవారి గుడులలో నేటికిని పసుపుకుంకుమలు అందుచునే యున్నవి. వ్యాధి పోయినంతమాత్రమున ఆమె మహిమ తగ్గలేదు. బిడ్డల మొగములపై మచ్చలు మాత్రము పోయినవి.

ఇక మా వీథి సంగతి. డెంగీని తెచ్చు దోమ మురికిగుంటలలోకంటె ఇండ్లచుట్టు నిలిచిన మంచినీటిలోనే ఎక్కువగ పుట్టును. పగటివేళనే కుట్టును. గ్రుడ్డు పెట్టినది మొదలు ఎగురు దోమయగుటకు వారము పదిదినములు చాలును. మా వారు బడిలో ఈ పాఠము చెప్పుచున్నారు. మేము ఇంటిలో తులసికోట ప్రక్కన కొబ్బరిచిప్పలో నీరు నిలిచియుండగా చూచియు చూడక పోవుచుంటిమి. పిల్లవాని నే దోమ కుట్టెనో, అది యెవరి పెరటిలో పుట్టెనో ఎవ్వరెఱుగుదురు? మా పెరటిలోనే పుట్టియుండవచ్చును. ఇది వ్రాయుటకు మాకు చేయి వణకుచున్నది. అయినను వ్రాయక తప్పదు. పూర్వజన్మమని మేము పలికిన మాట మా పెరటిని మఱుగుపఱచినది.

అట్లని లోకములోని దుఃఖమంతయు మన అజాగ్రత్తవలననే వచ్చినదనుట మా యుద్దేశము కాదు. అదియు పుట్టెడుదుఃఖములో నున్న తల్లి నెత్తిన మఱియొక బరువు మోపుటయే యగును. సముద్రము పొంగునట్లు మనము చేయలేదు. పుట్టుకతోనే గుండెలో రంధ్రముతో వచ్చిన బిడ్డకు ఎవరి అజాగ్రత్తయు కారణము కాదు. అట్టి దుఃఖమునకు సమాధానము మేమెఱుగము. మేము చదివిన గ్రంథములలో వెదకితిమి. సమాధానము దొరకలేదు గాని వేఱొకటి దొరకినది. మన పురాణములలో దేవుని నిలదీసినవారికి కొదవ లేదు. మొసలినోట చిక్కిన గజేంద్రుడు తన్ను కావవలసినవాని యునికినే శంకించెను. ఆ శంకను తెలుగుదేశమున పిల్లలకు కంఠస్థము చేయించుచున్నాము గాని దాచిపెట్టలేదు. నూర్గురు కొడుకులను పోగొట్టుకొన్న గాంధారి, ఆపగలవాడవై యుండియు ఆపలేదని శ్రీకృష్ణుని మొగముననే శపించెను. ఆయన కోపగింపలేదు. ఆ శాపమును చిఱునవ్వుతో గైకొనెను.

అందఱికంటెను ద్రౌపది. అరణ్యపర్వమున ఆమె ధర్మరాజుతో వాదించిన ఘట్టమును ప్రతి యాడుబిడ్డయు చదువదగును. పిల్లవాడు బొమ్మలతో ఆడినట్లు విధాత ప్రాణులతో ఆడుచున్నాడని ఆమె యనెను. చేసిన కర్మము చేసినవానినే యంటుట నిజమైనచో, ఇంతటిని చేయించుచున్న ఈశ్వరుని గూడ అంటవలదా యని యడిగెను. ధర్మరాజు ఇది నాస్తికమని మందలించెను. ఆమె, దుఃఖములో నుండి పలుకుచున్నానని యొప్పుకొనెను. ఒప్పుకొని, ఊరకుండెనా? లేదు. విధియని కూర్చుండువాడు నీళ్లలోని పచ్చికుండవలె నశించునని, మనుష్యుడు ప్రయత్నము చేయవలెనని మొదలుపెట్టి మరల వాదించెను. ఈ విద్య నీకెక్కడిదందురేమో, పుట్టింట పండితుడొకడు అన్నదమ్ములకు చెప్పుచుండగా తండ్రి యొడిలో కూర్చుండి వింటినని చెప్పెను. ఇంటిలోనే చదువుకొన్న మావంటివారికి ఆ మాట యెంత ప్రియమో చెప్పలేము. ఒకే నోట దేవుని నిందించినది, పని చేయుమన్నది. రెండును ఆమెకు ఒకే రోజున చెల్లినవి.

సుందరకాండ పారాయణము చేయు సోదరీమణులకు ఇంకొక ఘట్టము జ్ఞాపకము చేసెదము. అశోకవనమున సీతమ్మ విలపించుచు, వెనుకటి దేహములో నేనెంతటి పాపము చేసితినో, ఇట్టి దుఃఖము ననుభవించుచున్నానని తన్ను తాననుకొనెను. శింశుపావృక్షము కొమ్మలలో హనుమంతుడు దాగియున్నాడు. వినుచునే యున్నాడు. నవవ్యాకరణపండితుడు, ఎఱుగని శాస్త్రము లేదు. చెట్టు దిగివచ్చి, ఔనమ్మా, పూర్వజన్మకర్మమే యని యనెనా? మొదట రాముని కథ చెప్పెను. తరువాత ఉంగరము చేతిలో పెట్టెను. మేమీ కాండను పదునెనిమిది యేండ్లుగా చదువుచున్నాము. ఇది మా కంట పడలేదు.

ఆ తరువాత మేము పొరుగింటికి పోవుచునే యున్నాము గాని ఏమియు చెప్పుటలేదు. అత్తగారితోపాటు కూర్చుండి కూరలు తఱిగి, బియ్యము ఏఱి వచ్చుచున్నాము. ఆ యిల్లాలు ఇంకను దేవునిముందు దీపము పెట్టలేదు. పెట్టుమని మేమడుగలేదు. శుక్రవారము శుక్రవారము మా వీథి యాడవారము పెరళ్లలోని తొట్లు, చిప్పలు, పాత డబ్బాలు బోర్లించుచున్నాము. మొదటి రెండు వారములు ఆమె తలుపు వేసికొనియే యుండెను. మూడవ వారమున వచ్చి, ఎవరితోను మాటలాడక, మా తులసికోటవెనుక మాకు కనబడక మిగిలిన చిప్ప నొకదానిని వంచిపోసి వెడలిపోయెను.

మొన్న మాఘమాసమున ఒక మధ్యాహ్నము తానై వచ్చి, “అక్కయ్యగారూ, అత్తగారు ఏదో కథ ఉన్నదన్నారు. పిల్లల పాపము లెక్కకు రాదని ఎవరో ఋషి అన్నాడట, అది చదవండి” అనెను. మాండవ్యుని కథ మొదటినుండి చదివి యర్థము చెప్పితిమి. పదునాలుగేండ్లను మాటకు వచ్చుసరికి ఆమె వ్రేళ్లు మడచుకొని లెక్క పెట్టుచుండెను. “మావాడికి ఇంకా తొమ్మిది ఉన్నవి” అనెను. మేము పుస్తకము మూయబోగా చేయి అడ్డము పెట్టి, ఆ శపించినది మరల చదువుమనెను. చదివితిమి.